విద్యార్థి పత్రికలలో వస్తుసూచన: ఒక పరిశీలన

విద్యార్థులు తామే సంపాదకులై నడుపుకొను వార్తాపత్రికలు కొన్ని విశ్వవిద్యాలయములలో కలవు. విద్యాసంవత్సరము ప్రారంభము కాగానే ఆ పత్రికల కార్యాలయములలో ఒక పట్టిక సిద్ధమగుట పరిపాటి. జీతము లేక, కేవలము ఉత్సాహముచే వ్రాయవచ్చిన క్రొత్తవారికి 'వీనిని గూర్చి వ్రాయవచ్చును' అని సంపాదకులు చూపు విషయముల పట్టిక అది. దాని ఆయుర్దాయము ఒకటి రెండు వారములు. అది ఏ సంచికయందును అచ్చుపడదు. ఇంత అల్పమైన వస్తువునకు విమర్శకునితో పనియేమి యని పాఠకులు సంశయింపవచ్చును. అచ్చుపడిన రచనను చదివి దాని గుణదోషములను నిర్ణయించుట విమర్శకుడు చేయు పని. పట్టికను వ్రాయు సంపాదకుడును ఆ పనినే చేయుచున్నాడు. రచన పుట్టక పూర్వమే చేయుచున్నాడు. ఏది వ్రాయదగినది, ఏది తగనిది, ఏది తలపునకే రానిది అను నిర్ణయములన్నియు అందిమిడియున్నవి. పైగా, వ్రాయవచ్చినవాడు పత్రికారచనను గూర్చి పొందు మొదటి పాఠము ఆ పట్టికయే. పెక్కుమందికి కడపటి పాఠమును అదియే యగుచున్నది.

ముందుగా పరిభాషను గూర్చి ఒక మాట. ఆంగ్ల పత్రికాభాషలో ప్రతి వార్తారచనకును 'స్టోరీ' యని పేరు. మన పత్రికలవారు దానిని 'కథనము' అని తెనిగించిరి. ఈ తెనుగుమాట మూలముకంటె మేలైనదని నా యభిప్రాయము. కథ యనగానే కల్పన స్ఫురించును. కథనమనగా చెప్పుట మాత్రమే. ఇక కథనమునకు ముందుండు బీజమును 'వస్తువు' అనుటకు మన యలంకారశాస్త్రము అనుమతించుచున్నది. దశరూపకమునందు ధనంజయుడు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. వార్తారచయితకు ఉత్పాద్యము నిషిద్ధము. మిశ్రము అంతకంటెను ప్రమాదకరము. అందు అబద్ధము నిజము చాటున దాగియుండును. మిగిలినది ప్రఖ్యాతమొక్కటే. అందరు నెరిగినదానిని అందరికి మరల చెప్పుట యెట్లు? ఈ చిక్కు నాటకకర్తకు లేదు. రామకథను వేయిమారులు చెప్పినను రసము చెడదు. విద్యార్థుల భోజనశాలను గూర్చి రెండవమారు చెప్పినచో చదువువాడుండడు.

సామాన్యముగా ఈ పట్టికలందు కానవచ్చు అంశములు ఈ తీరున నుండును: భోజనశాల, గ్రంథాలయము, వసతిగృహములు, క్రొత్త ఆచార్యునితో ముఖాముఖి, పరీక్షలవేళ మనోవ్యాకులత, ప్రాంగణమున తిరుగు పిల్లులు. అన్నియు నామవాచకములే, క్రియ యొక్కటియు లేదు. వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును వలయునని మన శాస్త్రకారులు చెప్పిరి. ఈ మూడింటిని వస్తుసూచనకు కూడ లక్షణములుగా గ్రహింపవచ్చునని నేను తలచుచున్నాను. 'గ్రంథాలయము' అని చెప్పి యూరకున్నచో వినువాని మనస్సున ఏ నియతమైన ఆకాంక్షయు పుట్టదు. వ్రాయువాడు ఏమి వెదకవలెనో ఎరుగడు గనుక తనకు తెలిసినదే వ్రాయును: గ్రంథాలయము విజ్ఞానభాండారమని, అందు ఇన్ని వేల పుస్తకములు కలవని, విద్యార్థులు దానిని సద్వినియోగము చేసికొనవలెనని. ఆ రచనలో తప్పు లేదు. తప్పగుటకు అవకాశము కూడ లేదు. దాని లోపమంతయు నచ్చటనే యున్నది.

ఆ సూచననే మరియొక విధముగా చేసి చూతము. 'నిరుడు రాత్రి పండ్రెండు గంటలవరకు తెరచియున్న గ్రంథాలయము ఈ యేడు పదింటికే మూసివేయబడుచున్నది. ఈ మార్పును ఎవరు, ఏ సమావేశమున, ఏ కారణమున చేసిరి? పదింటి తరువాత నచ్చట చదువుకొనుచుండిన వారు ఇప్పుడెక్కడ చదువుకొనుచున్నారు?' ఇది కల్పిత దృష్టాంతమే యైనను భేదము స్పష్టము. ఇందు క్రియ యున్నది, కాలమున్నది, కర్త ఎవరను ప్రశ్న యున్నది. సమాధానము సంపాదకునకును తెలియదు. సంపాదకునకు ముందే సమాధానము తెలిసిన సూచన సూచన కాదు, వ్రాయసగానికిచ్చిన ఆజ్ఞ. అవధానసభలో పృచ్ఛకుడు వర్ణన నిచ్చుటకును సమస్య నిచ్చుటకును గల అంతరమును పాఠకులెరుగుదురు. వర్ణనలో కవి తప్పించుకొని తిరుగుటకు చోటెక్కువ; సమస్యలో ముడి విప్పక గతిలేదు. విద్యార్థి పత్రికలవారు వర్ణనలను విస్తారముగా నిచ్చుచున్నారు.

ఆకాంక్ష యొక్కటియే చాలదు. 'విశ్వవిద్యాలయమున న్యాయము జరుగుచున్నదా?' అను ప్రశ్నయందు ఆకాంక్షకు కొదువలేదు. కాని అది శాస్త్రగ్రంథములలో యోగ్యత లేని వాక్యమునకు ఉదాహరణముగా చెప్పు 'అగ్నితో తడుపుట' వంటిది. వారమునకు నాలుగైదు గంటలు మాత్రమే వెచ్చింపగల విద్యార్థి ఏ మనిషిని కలిసి, ఏ కాగితమును చూచి దానికి సమాధానము తెచ్చును? యోగ్యత యనగా ప్రశ్నకును దొరకదగిన ప్రమాణమునకును గల పొంతన. ఈ పొంతనను చూచుట సంపాదకుని బాధ్యత. దానిని క్రొత్తవానిపై విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఈ యంశమును కల్పిత దృష్టాంతములతో గాక జరిగిన యుదంతములతో చూచుట మేలు. విద్యార్థి వార్తాపత్రికలకు దీర్ఘచరిత్ర గల దేశములలో అమెరికా ఒకటి. హార్వర్డ్ క్రిమ్సన్ 1873లోను, యేల్ డెయిలీ న్యూస్ 1878లోను, స్టాన్‌ఫర్డ్ డెయిలీ 1892లోను పుట్టినవి. అచ్చటి ఉన్నత పాఠశాలలలోను ఇట్టి పత్రికలు కలవు. కాన్సాస్ రాష్ట్రమున పిట్స్‌బర్గ్ అను చిన్న పట్టణము కలదు. పెన్సిల్వేనియాలోని ఉక్కు నగరముతో దీనిని పొరబడరాదు. అందలి ఉన్నత పాఠశాల పత్రిక పేరు బూస్టర్ రిడక్స్. 2017లో ఆ పాఠశాలకు క్రొత్త ప్రధానాధ్యాపకురాలు నియమింపబడెను. ఆమెను పాఠకులకు పరిచయము చేయుటయే విద్యార్థులు చేపట్టిన పని. ఏ పట్టికయందైనను ఉండదగిన, ఏ మాత్రము వాడి లేని నామవాచకమే యది. మన కళాశాల సంచికలలో నైనచో ఒక ఛాయాచిత్రము, నాలుగు ప్రశంసావాక్యములు, 'వారి సారథ్యమున మన సంస్థ దినదిన ప్రవర్ధమానమగుగాక' అను ఆశంస, ఇంతటితో ముగిసియుండెడిది.

ఆ బాలబాలికలు మాత్రము పరిచయవ్యాసమునకు వలసిన సామాన్యమైన పని యొకటి చేసిరి. ఆమె పట్టములు పొందితినని చెప్పిన విద్యాసంస్థ యేదియో తెలిసికొనబోయిరి. ఆ సంస్థకు విద్యాసంబంధమైన గుర్తింపు ఉన్నట్లు వారికి ఆధారము దొరకలేదు. అచ్చటినుండి పరిచయము ప్రశ్నగా మారెను. ఆమెను అడిగిరి, పాఠశాలల అధికారులను అడిగిరి, వ్రాతపత్రములు చూచిరి. మార్చి 31వ తేదీన వ్యాసము వెలువడెను. ఏప్రిల్ 4వ తేదీన ఆమె పదవిని విడిచెను. ఈ వృత్తాంతమును లోకము బాలల సాహసముగా కీర్తించినది. నాకు సాహసముకంటె వ్యాకరణము ముఖ్యముగా తోచుచున్నది. 'క్రొత్త ప్రధానాధ్యాపకురాలు' అను నామమునకు 'ఎచ్చట చదివెను?' అను క్రియను వారు చేర్చిరి. ఆ ప్రశ్న ఎవరిమీదను నింద మోపునది కాదు. దానికి సంతృప్తికరమైన సమాధానమే వచ్చియుండినచో వ్యాసము చక్కని పరిచయముగానే మిగిలియుండెడిది. ఉత్తమమైన సూచనకు ఇది గురుతు: అది రెండు వైపులకు తెరచియున్న తలుపు. దోషము దొరకినను రచన కలదు, దొరకకున్నను కలదు.

స్టాన్‌ఫర్డ్ ఉదంతము ఇంతకంటె పెద్దది, ప్రసిద్ధమైనది. 2022 నవంబరులో ఆ విశ్వవిద్యాలయ పత్రికలో థియో బేకర్ అను మొదటి సంవత్సరపు విద్యార్థి, విశ్వవిద్యాలయాధ్యక్షుడైన మార్క్ టెస్సియర్-లవీన్ సహరచయితగా నున్న శాస్త్రవ్యాసములలోని చిత్రములను గూర్చిన సందేహములను వెల్లడించెను. విచారణసంఘ మేర్పడెను. అధ్యక్షుడు స్వయముగా దత్తాంశములను తారుమారు చేయలేదని, ఐనను తప్పులు తెలిసిన పిమ్మట వానిని తగినరీతిని సవరింపలేదని ఆ సంఘము తేల్చెను. 2023 జూలైలో ఆయన పదవినుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించెను. ఇందు మనము గమనింపవలసినది ఫలితము కాదు, వస్తువు దొరకిన చోటు. ఆ సందేహములు రహస్యములు కావు. శాస్త్రవ్యాసములపై పరిశోధకులు తమ యాక్షేపణలను వ్రాయు పబ్‌పీర్ అను బహిరంగవేదికపై అవి యేండ్ల తరబడి పడియున్నవి. ధనంజయుని మాటలో చెప్పినచో వస్తువు ప్రఖ్యాతమే. ప్రఖ్యాతమైనను ఆ ప్రాంగణమున దానిని గూర్చి ప్రశ్న వేసినవాడు లేకపోయెను.

ఇట్టి ఉదాహరణములు చెప్పునపుడు ఒక జాగ్రత్త యవసరము. ఇవి ప్రచారమునకు వచ్చిన పిమ్మట ప్రతి సంపాదకుడును అధికారిని పదవినుండి దింపు వస్తువునే కోరునేని, పట్టిక పూర్వపు దోషమునుండి విపరీతదోషమునకు పోవును. స్తోత్రపాఠము ఎట్లు సమాధానము ముందే తెలిసిన రచనయో, నిందాపాఠమును అట్టిదే. ఒకదానిలో విశేషణములు మధురములు, వేరొకదానిలో కటువులు. క్రియ మాత్రము రెంటను శూన్యము. గ్రంథాలయపు వేళలను గూర్చిన ప్రశ్న ఎవరిని గద్దె దింపదు. ఐనను దానివలన నలువది యేబదిమంది రాత్రివేళ చదువుకొనుటకు చోటు దొరకవచ్చును. ఒక చిన్న పత్రిక ఆ పనిని చేసినచో దాని ఉనికికి వేరు సమర్థన మక్కరలేదు.

సన్నిధిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. విద్యార్థి పత్రికకు దినపత్రికల వలె ధనము లేదు, అనుభవము లేదు, తీరిక లేదు. దానికున్న సంపద సన్నిధి యొక్కటే. వ్రాయువారు ఆ భోజనశాలలోనే తినుచున్నారు, ఆ గదులలోనే నిదురించుచున్నారు, ఆ గుమాస్తా కిటికీయెదుటనే నిలుచుచున్నారు. వెలుపలి విలేకరికి నెల పట్టు విషయము వారికి నడకలో తెలియును. కాని దగ్గరతనము వలన గాయపడువారును దగ్గరనే యుందురు. దీనికి 1983లో మిస్సోరి రాష్ట్రమందలి హేజల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాలలో జరిగిన యుదంతము సాక్ష్యము. ఆ పాఠశాల పత్రికయైన స్పెక్ట్రమ్‌లో విద్యార్థినుల గర్భధారణను గూర్చి ఒక వ్యాసము, తలిదండ్రుల విడాకులు పిల్లలపై చూపు ప్రభావమును గూర్చి ఒక వ్యాసము సిద్ధమైనవి. రెండును జీవమున్న వస్తువులు. పట్టికలలోని పిల్లుల కంటె ఎంతయో మేలైనవి. ప్రధానాధ్యాపకుడు ఆ వ్యాసములున్న రెండు పుటలను తొలగింపజేసెను. విద్యార్థులు న్యాయస్థానమునకెక్కిరి. 1988లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఐదుగురు, ముగ్గురుగా చీలి, పాఠశాల పక్షమున తీర్పు చెప్పెను.

తీర్పు పత్రికాస్వాతంత్ర్యమునకు హాని చేసినదని పెక్కుమంది అభిప్రాయము, నాదియు నదియే. రెండు వ్యాసములపై ఆక్షేపణ యుండగా, ఆ పుటలలోని నిరపాయమైన రచనలను కూడ పారవేయుట ఎట్టి విద్యాబోధన? ఐనను ప్రధానాధ్యాపకుడు చెప్పిన కారణములలో ఒకటి రెంటిని విమర్శకుడు త్రోసివేయరాదు. పేర్లు మార్చినను ఆ బాలికలను తోటివారు గుర్తుపట్టుదురేమో యని ఆయన శంకించెను. తండ్రిని గూర్చి బిడ్డ చేసిన యారోపణకు ఆ తండ్రి సమాధానమడుగబడలేదని పలికెను. ఈ రెండును పుటలను చింపుటకు చాలిన కారణములు కావు; సూచన ఇచ్చిననాడే ఆలోచింపవలసిన విషయములు. వస్తువును వ్రాయునపుడు దాని ప్రక్కన 'ఎవరిని అడుగవలెను' అను పంక్తి యొకటి యుండినచో, అందు తండ్రి పేరును ఉండినచో, ఆ యాక్షేపణకు బలము తగ్గియుండెడిది. ఆ పిమ్మట అమెరికాలో కొన్ని రాష్ట్రములు విద్యార్థి పత్రికలకు రక్షణ కల్పించు శాసనములు చేసినవి. 1992లో అట్టి శాసనము చేసినవానిలో కాన్సాస్ ఒకటి. పిట్స్‌బర్గ్ బాలల ప్రశ్న ప్రశ్నగానే అచ్చుపడుటకు వెనుక ఈ శాసనబలము కూడ కలదని మరువరాదు.

సూచనలు ఎచ్చటనుండి పుట్టును? ఈ ప్రశ్న మన పూర్వులకు క్రొత్తది కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కావ్యార్థమునకు పుట్టినిండ్లను లెక్కించెను. ఆచార్యులు శ్రుతి, స్మృతి, ఇతిహాసము, పురాణము మొదలుకొని లోకము, ప్రకీర్ణకము వరకు పండ్రెండని చెప్పగా, ఆయన మరి నాలుగు చేర్చి పదునారుగా చేసెను. ఆ చేర్చినవానిని నేను మిక్కిలి ఆసక్తితో చదివితిని. ఉచితసంయోగము, యోక్తృసంయోగము, ఉత్పాద్యసంయోగము, సంయోగవికారము. నాలుగును కూర్పునకు సంబంధించినవే. అనగా క్రొత్త యర్థము క్రొత్త పదార్థమునుండియే పుట్టనక్కరలేదు. ఉన్న రెంటిని చేర్చుటవలనను పుట్టును. కవికి చెప్పిన యీ మాట వార్తారచయితకు ఇంకను బాగుగా అన్వయించును. వానికి శ్రుతిస్మృతులనగా బహిరంగపత్రములు.

ఉదాహరణమునకు, పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయమున 1986లో జీన్ క్లెరీ అను విద్యార్థిని వసతిగృహములో హత్య గావింపబడెను. ఆ దుర్ఘటన ఫలితముగా 1990లో అమెరికాలో ఒక చట్టము వచ్చెను. దానిననుసరించి విశ్వవిద్యాలయములు ప్రతి యేట అక్టోబరు 1వ తేదీలోగా నేరముల వివరములతో నివేదిక ప్రకటింపవలెను. సొంత రక్షకదళము గలవి దైనందినమైన నేరముల చిట్టాను కూడ ఎవరికైనను చూపవలెను. చిట్టా యొక్కటి చదివినచో దొంగతనముల జాబితా. నివేదిక యొక్కటి చదివినచో అంకెల పట్టిక. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి 'ఈ లెక్కలు పొసగుచున్నవా? పొసగనిచో ఎందులకు?' అని యడిగినచో అది వస్తువు. ఉత్సాహముతో వచ్చినవాడు ఒక మధ్యాహ్నమున చేయదగిన పని.

మన దేశమున 2005 నాటి సమాచారహక్కు చట్టము ఇట్టి మార్గమును తెరచినది. కేంద్రసంస్థలకైనచో 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చును. సామాన్యముగా 30 దినములలో సమాధానము రావలెను. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఫిఫ్త్ ఎస్టేట్, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోని స్కాలర్స్ అవెన్యూ వంటివి విద్యార్థులే నడుపుకొను పత్రికలు. తెలుగు రాష్ట్రముల కళాశాలలలో అట్టివి విరివిగా లేవు. ఉన్నచో ఎట్టి వస్తువులు వారి యెదుటనే పడియున్నవో చూడుడు. రెండు రాష్ట్రములలోను పేదవిద్యార్థుల బోధనారుసుమును ప్రభుత్వము చెల్లించు పథకము నడచుచు వచ్చినది. చెల్లింపు ఆలస్యమైనపుడు కళాశాలలు ధ్రువపత్రముల నాపుట, విద్యార్థులు ఉద్యోగములకు పోలేక తిరుగాడుట వినుచున్నాము. 'బోధనారుసుముల సమస్య' అని సూచించినచో రెండు పుటల వాపోవుట వచ్చును. 'మన కళాశాలకు ప్రభుత్వము ధనమిచ్చిన తేదీలను, నిరుడు చదువు ముగించినవారికి ధ్రువపత్రములిచ్చిన తేదీలను సరిపోల్చుడు' అని సూచించినచో సంయోగమగును. ధ్రువపత్రమునకై కార్యాలయపు గడపలెక్కి దిగుచున్న ఒకని బ్రదుకు ఆ తేదీల నడిమి యెడములో నున్నది.

పరుల వస్తువులను గ్రహించుటను గూర్చియు పూర్వులు చెప్పియున్నారు. విద్యార్థి పత్రికలు పెద్ద పత్రికలనుండి వస్తువులు తెచ్చుకొనుట సహజము. అది దోషము కాదు. ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అని రాజశేఖరుడు నాలుగు భేదములు చెప్పెను. దినపత్రికలో వచ్చిన 'యువతలో ఒత్తిడి' అను వ్యాసమును మాటలు మార్చి వ్రాయుట ప్రతిబింబము. అందు మన కళాశాల పేరు రెండుచోట్ల చేర్చుట ఆలేఖ్యము. ఆ మూలమునే గ్రహించి, మన సంస్థలో విద్యార్థులకు మానసికవైద్య సలహాదారు లెందరు, కలియుటకు ఎన్ని దినములు వేచియుండవలెను అని విచారించుట పరపురప్రవేశము. మూలమొక్కటి, శరీరము పూర్తిగా వేరు. సంపాదకుల పట్టికలలో మొదటి రెండును కుప్పలు తెప్పలు.

ఇక మన కళాశాలల వార్షికసంచికల మాట. వానిలో వస్తుసూచన దుష్టమని చెప్పుటకు వీలులేదు, అది అసలే లేదు గనుక. ప్రకటనఫలకముపై 'వ్యాసములు, కవితలు, కథలు ఈ తేదీలోగా అందజేయవలెను' అని యుండును. గడువు కలదు, వస్తువు లేదు. ఫలితము మనమెరిగినదే. ఒకనాడు 'విద్యార్థులు – క్రమశిక్షణ', నేడు 'చరవాణి – లాభనష్టములు'. విద్యార్థులకు వ్రాయుట రాదని ఉపాధ్యాయులు విసుగుకొందురు. వారికి అడుగుట నేర్పలేదని చెప్పుట సత్యమునకు దగ్గర.

తెలుగునాట ప్రశ్న రూపమున వస్తువు పుట్టి, జీతము లేని పెక్కుమంది చేతులతో పెరిగిన దృష్టాంతము లేకపోలేదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట పుట్టినపుడు, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి ఖండనవ్యాసము వ్రాసి తృప్తిపడి యుండవచ్చును. వారు ఆ మాటను ప్రశ్నగా మార్చిరి: కలరా, లేరా? ఉన్నచో ఎందరు, ఏ యే యూళ్ల వారు? వారి పిలుపున ఊరూర నుండి కవులు తమ పద్యములను, వివరములను పంపిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు చేరిరి. అందు అన్ని పద్యములును ఉత్తమములని నేననను. సంకలనముగా దాని విలువ వేరు విషయము. సూచనగా మాత్రము అది నిర్దుష్టము. ఆకాంక్ష తీక్ష్ణమైనది, ప్రమాణము తపాలాలో రాదగినది, అడిగినవారును అడుగబడినవారును ఒకే నేలమీది వారు.

ఈ పత్రిక చదువువారు ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు గనుక మన యింటి సంగతిని కూడ చెప్పక తప్పదు. తెలుగు శాఖలలో పరిశోధనకు వస్తువు నిచ్చు పద్ధతికిని, పైన విమర్శించిన పట్టికలకును నాకు పెద్ద భేదము కానరాదు. 'ఫలానా కవి: జీవితము – కృతులు', 'ఫలానా వారి నవలలు: సమగ్ర పరిశీలన'. ఇవియు నామవాచకములే. సమగ్రము అను విశేషణము ప్రశ్న లేమిని కప్పిపుచ్చుటకు పుట్టినదేమో యని యొక్కొకప్పుడు తోచును. పరిశోధకుడు నాలుగేండ్లు శ్రమించి కవి పుట్టుపూర్వోత్తరములు, కథాసంగ్రహములు, పాత్రల జాబితా కూర్చును. అది తప్పని ఎవరును అనలేరు. గ్రంథాలయము విజ్ఞానభాండారమను వాక్యము వలెనే ఆ గ్రంథమును తప్పగుటకు వీలులేనిది. వార్తకు వచ్చినవాడు పోగొట్టుకొనునది రెండు సాయంకాలములు. ఇతడు పోగొట్టుకొనునది యౌవనములో నాలుగేండ్లు.

ఆ వస్తువునే క్రియతో చెప్పవచ్చును. ఒక నవల వారపత్రికలో ధారావాహికగా వెలువడి, ఆ పిమ్మట పుస్తకమైనదనుకొందము. రెండు పాఠములకును భేదములెట్టివి? వారము వారము పాఠకులు వ్రాసిన లేఖలకును ఆ భేదములకును సంబంధమున్నదా? ఆకాంక్ష ఇచ్చట స్పష్టము. యోగ్యతకై పర్యవేక్షకుడు చేయవలసిన పని యొకటున్నది. వస్తువును అనుమతించుటకు ముందు ఆ వారపత్రిక పాత సంచికలు వేటపాలెము సారస్వత నికేతనములో నున్నవో, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయములో నున్నవో, ఎన్ని సంచికలు లోపించినవో కనుగొని ఆ వివరమును వస్తువు క్రిందనే వ్రాసి విద్యార్థి చేతికీయవలెను. లోపించిన సంచికలు పెక్కైనచో మరియొక నవలను చూచుకొనుటకు అప్పటికింకను వ్యవధి యుండును.